రెండున్నర చుక్కలు

చేపల వేలం తెల్లవారి నాలుగింటికి.
అందాకా షెడ్డు ఖాళీయే కాబట్టి
హచినోహే రేవులో ఈ రాత్రి కుస్తీ.
కడిగిన సిమెంటు మీద రింగు,
చుట్టూ నూట పన్నెండు మడత కుర్చీలు,
ముందు వరసలో నాలుగోది నాది.
వారపత్రికకు రాయాలి, ఆటకో పేరా,
పేరా చివర ఐదింటికి ఎన్ని చుక్కలో.
పంతొమ్మిదేళ్లుగా ఇదే పని.
ఐదూ ఎవరికీ ఇవ్వలేదన్నదే
ఈ ఊళ్లో నాకున్న పేరు.

మొదటి ఆట. కొత్త కుర్రాళ్లు.
పట్టు కంటే ముందే విడుపు వచ్చేస్తోంది.
ఒకడు దెబ్బ తగలక ముందే పడ్డాడు,
రెండోవాడు వాడు పడ్డాక కొట్టాడు.
ఒక్క చుక్క.
అదీ వాళ్లమ్మలు వచ్చి కూచున్నారని.

రెండోది. నూట నలభై కిలోల ఇవాదతే
స్క్విడ్ వేషం వేసుకున్న బక్కోడితో తలపడ్డాడు.
పది కాళ్లలో ఏది పట్టుకు గుంజినా
చేతికొచ్చేది గుడ్డ కాలే.
రిఫరీ కూడా కాళ్లు లెక్కపెట్టబోయి ఓడిపోయాడు.
మూడు చుక్కలు. సిగ్గుపడను.

మూడోది.
కుజి నమికో, యాభై మూడేళ్లు.
పగలు ఇదే షెడ్డులో చేపలు కోస్తుంది.
మోకాలికి కట్టు, కట్టు మీద ఇంకో కట్టు.
ఎదురుగా హత్తా కోయుకి,
నమికో దగ్గరే పడడం నేర్చుకున్న పిల్ల.
(ఈ విద్యలో మొదటి ఏడంతా పడడమే.
కొట్టడం తర్వాత.)

ఆరో నిమిషం.
పై తాడు మీంచి కోయుకి దూకింది.
నమికో ఉండాల్సిన చోట లేదు,
మోకాలు మొరాయించి అరడుగు వెనకుంది.
ఐసు పెట్టె జారిపడ్డ చప్పుడు.
నమికో కదల్లేదు.

పిల్ల ఆమె మీద పడి పీక పట్టింది.
పళ్లు నూరుతోంది, మెడ మెలిపెడుతోంది,
పక్క కుర్చీ ముసలాయన
కాగితం గ్లాసు నలిపేసి లేచి నిలబడ్డాడు.
నాలుగో కుర్చీకి మాత్రం కనబడింది:
జుట్టు చాటున పెదాలు కదిలాయి.
మణికట్టు దగ్గర రెండు వేళ్లు నొక్కాయి.
జవాబు లేదు.
మళ్లీ నొక్కాయి.
పైకి పీక నులిమే చెయ్యే
కింద తలకి దిండై ఉంది.
మూడోసారికి నమికో వేలు తిరిగి నొక్కింది.
మెల్లగా. ఒక్కసారి.

ఆ పైన ఆట కుంటింది.
అనుకున్న ముగింపు వదిలేసి వేరేది అతికించారు,
అతుకు కనబడింది.
కోయుకి గెలిచింది,
గెలిచిన మొహం పెట్టడం మరిచిపోయింది.

నాలుగోది, పోస్టరు మీద పెద్దక్షరాల్లో ఉన్నది,
నాకు గుర్తులేదు.
నోటుబుక్కులో మూడున్నర అని ఉంది. దస్తూరీ నాదే.

స్టేషను ఎదుట నూడుల్స్ కొట్టులో రాయడానికి కూచున్నాను.
ఆ వేళ్ల సంగతి రాస్తే పిల్లకి పేరొస్తుంది.
రాస్తే గుట్టు బజారున పడుతుంది,
గుట్టు పోయిన పట్టుకి
రేపు ఏ ముసలాయన లేచి నిలబడతాడు?
నూడుల్స్ చల్లారిపోయాయి.
రాసింది ఇంతే:
'ఆరో నిమిషంలో పొరపాటు. ముగింపు తడబడింది.
పిల్ల పైకొస్తుంది. రెండున్నర చుక్కలు.'

గురువారం పత్రిక వచ్చింది.
శుక్రవారం వేలం దగ్గర నమికో,
రబ్బరు బూట్లు, చేతిలో కత్తి, కంటి కింద వంకాయ రంగు.
"రెండున్నరా?" అంది.
నేను చేపల కేసి చూశాను.
"నాకైతే ఆ రాత్రి బోలెడు చుక్కలు కనబడ్డాయి.
లెక్కపెడుతుంటే ఎవరో చెయ్యి పట్టుకున్నారు."
"నేను చూడలేదు," అన్నాను.

నా మొహంలోకి చూసింది,
రిఫరీ మూడు లెక్కపెట్టేంత సేపు.
తర్వాత రెండు స్క్విడ్‌లు కాగితంలో చుట్టింది.
నా పేజీయే.
సిరా చేపకంటకుండా తిరగేసి చుట్టింది.
వెయ్యి యెన్‌ల నోటిచ్చాను.
చిల్లర ఇవ్వలేదు.
నేనూ అడగలేదు.